బుధవారం లూబియా

నాన్న శుక్రవారం పొద్దున్నే దుకాణం తాళం తీస్తూ పడిపోయాడు. మధ్యాహ్నం నమాజు వేళకి స్నానం చేయించారు, సాయంత్రానికి మట్టి కప్పేశారు. మా ఫెస్ నగరం పాతబస్తీ సందుల్లో గాడిద మీంచి ఒక మూట దించాలన్నా రెండు పూటలు పడుతుంది గానీ, చావు పనులు మాత్రం చకచకా అయిపోతాయి. మూడు రోజులు మా ఇంట్లో పొయ్యి వెలగలేదు. చుట్టుపక్కల ఇళ్ళ నుంచి పళ్ళేలు వస్తూనే ఉన్నాయి, నేను తింటూనే ఉన్నాను. దుఃఖంలో ముద్ద దిగదంటారు. నాకు దిగింది. సిగ్గుపడుతూనే తిన్నాను.

మూడో రోజు సాయంత్రం ఖురాన్ చదివేవాళ్ళు, ఏడ్చేవాళ్ళు, ఏడవకుండా టీ తాగిపోయేవాళ్ళు అందరూ వెళ్ళాక అమ్మ నన్ను పిలిచింది. తల నుంచి పాదాల దాకా తెల్లబట్టల్లో ఉంది. భర్త పోయిన మనిషి నాలుగు నెలల పది రోజులు ఆ తెలుపులోనే ఉండాలి, గడప దాటకూడదు. మా అమ్మ బతూల్ జీవితమంతా పచ్చా ఎరుపూ తప్ప కట్టి ఎరగదు. అలా కూర్చుంటే ఎవరింటి మనిషో మా ఇంట్లోకి వచ్చినట్టుంది.

"నుజా, తమ్ముడికి చెప్పొద్దు," అంది.

"ఏం చెప్పొద్దు?"

"మీ నాన్న సంగతే. పండుగ వెళ్ళేదాకా వాడి చెవిన పడకూడదు."

నాకు ఒళ్ళు మండింది. "కన్న కొడుక్కి తండ్రి పోయాడని చెప్పకపోతే ఎలాగమ్మా? రేపు తెలిస్తే మన మొహాన ఉమ్మేస్తాడు."

"బయట ఉండి ఉమ్మితే నాకు సంతోషమే," అంది అమ్మ.

తమ్ముడు అన్వర్ జైలుకెళ్ళి మూడేళ్ళయింది. బస్సుల అడ్డా దగ్గర ఎవడో ఏదో కూశాడని ఇనుప కడ్డీ ఎత్తాడు, అవతలివాడి కన్ను పోయింది. ఆరేళ్ళు వేశారు. వాడి కోపం ముక్కు మీదే ఉంటుంది, దిగమంటే దిగదు. మా దేశంలో పండుగలకి కొందరు ఖైదీలని క్షమించి వదలడం రివాజు. రెండేళ్ళ కిందట ఆ జాబితాలోకి వాడి పేరు వెళ్ళింది. సరిగ్గా అప్పుడే మా నానమ్మ పోయింది. కడసారి చూపుకి పంపమని అడిగితే కుదరదన్నారు. వీడు స్టూలెత్తి వార్డరు మీద విసిరాడు. పేరు కొట్టేశారు. ఇన్నాళ్ళకి మళ్ళీ ఈ ఉపవాసాల పండుగ జాబితాకి పేరు వెళ్ళిందని వకీలు చెప్పాడు. పండుగకి ఆరు వారాలుంది. ఆ ఆరు వారాలూ వాడు ఎవరి మీదా చెయ్యెత్తకుండా ఉండాలి. అమ్మకి కావలసింది అంతే.

"సరే, చెప్పను. నీ మోకాళ్ళు పట్టేశాయని చెప్పి నేనే వెళ్తాను. మరి లూబియా సంగతేంటి?" అన్నాను.

అమ్మ మొహం వాడిపోయింది. దాని గురించి తనకీ తోచలేదని అప్పుడర్థమైంది.

మా నాన్న లర్బీకి పాతబస్తీ దర్వాజా పక్కన లూబియా, అంటే తెల్ల చిక్కుడు గింజల పులుసు, అమ్మే దుకాణం. మూడు బల్లలు, ఒక పెద్ద కుండ, రొట్టెల గంప. అన్వర్‌ని పట్టుకెళ్ళిన రోజు నాన్న ఒట్టు పెట్టుకున్నాడు, వాడి మొహం చూడనని. చూడలేదు. మూడేళ్ళలో ఒక్క ములాఖత్‌కీ వెళ్ళలేదు. ఇంట్లో వాడి పేరెత్తితే లేచి చెప్పులేసుకునేవాడు. కానీ ప్రతి బుధవారం కుండ మూత తీయగానే మొదటి గరిటెలు ఎవరికీ పెట్టకుండా ఒక అల్యూమినియం గిన్నెలో నింపి, గుడ్డ కట్టి, అమ్మ చేతిలో పెట్టేవాడు. "తీసుకుపో," అనేవాడు. ఎవరికి అని అనేవాడు కాదు. సాయంత్రం పోయినవారం గిన్నె తిరిగొస్తే మూత తీసి అడుగు చూసుకునేవాడు. తరవాత తనే కడిగి బోర్లించేవాడు.

"చెవులకి అబద్ధం చెప్పొచ్చు. నాలుకకి ఎలా చెప్తాం?" అంది అమ్మ.

"గిన్నె పంపకపోతే?"

"పంపకపోతే ఆ రోజే తెలిసిపోతుంది."

అంచేత ఆ రాత్రే తెల్ల చిక్కుడు గింజలు నానబోశాను. నేను చెప్పులకి జరీ కుట్టు కుట్టి బతికే మనిషిని. వంట నాకు రాదని కాదు, లూబియా అంటే చిన్నప్పుడే మొహం మొత్తింది. బడికి వెళ్తే మా జుట్టంతా జీలకర్ర వాసనని పిల్లలు ముక్కులు మూసుకునేవాళ్ళు. దుకాణం లూబియా నోట పెట్టి పదేళ్ళు దాటింది. ఇల్లంతా అంతే. నాన్న దుకాణంలో తినేవాడు, మేం ఇంట్లో తినేవాళ్ళం.

సోమవారం గ్యాసు పొయ్యి మీద పెట్టాను. ఉల్లి, వెల్లుల్లి, తురిమిన టమాటా, ఉప్పు, అన్నీ వేసి మూత పెట్టాను. నాలుగు గంటలు ఉడికింది. పులుసు చిక్కబడి బంకలా అయింది గానీ గింజ మాత్రం గులకరాయే. అమ్మ చాప మీంచి చెయ్యి చాపి ఒకటి నోట్లో వేసుకుంది.

"దీన్ని గోడకేసి కొడితే సున్నం రాలుతుందే," అంది. నాన్న పోయాక మొదటిసారి మా ఇద్దరికీ నవ్వొచ్చింది. నవ్వి, ఒకరి మొహం ఒకరం చూసుకుని మానేశాం.

"నీకు తెలియదా అమ్మా? దుకాణంలో పదేళ్ళు పనిచేశావు కదా."

"అప్పట్లో ఉప్పూ కారం నేనే చూసేదాన్ని, నేను మానేశాక అవీ ఆయనే. అది పొద్దుటి పని. ముందురోజు కుండ మాత్రం ఆయనే బా సాలెం దగ్గరికి మోసుకెళ్ళేవాడు. అక్కడేం చేసేవాడో నేనడగలేదు. గడప దాటగలిగితే ఇప్పుడే వెళ్ళి అడిగేదాన్ని."

బా సాలెం మా వీధి స్నానాల ఇంటికి నిప్పు చూసే ముసలాయన. వేణ్ణీళ్ళు కాగే పొయ్యి స్నానాల ఇంటి కింద, మెట్లు దిగి వెళ్తే ఉంటుంది. రంపపు పొట్టూ, చెక్క ముక్కలూ, ఆలివ్ పిప్పీ ఆ పొయ్యికి మేత. దాని అంచున ఉండే బూడిదలో వీధివాళ్ళు కుండలు పూడ్పించుకుంటారు. నేను దిగేసరికి ఆయన పార పట్టుకుని నిలబడి ఉన్నాడు. మొహంలో కళ్ళు తప్ప ఏదీ కనిపించదు, అంత మసి.

"లర్బీ కూతురివా? ముప్పై ఏళ్ళకి దారి తెలిసిందన్నమాట," అన్నాడు.

"దారి తెలుసు బా సాలెం. మసికి భయపడి రాలేదు."

"మసి కడిగితే పోతుంది తల్లీ. ఏం కావాలి?"

చెప్పాను. గులకరాళ్ళ సంగతీ చెప్పాను. ఆయన పార పక్కన పెట్టి నవ్వాడు, పళ్ళు లేని నవ్వు.

"టమాటా ముందే వేశావు. పులుపు తగిలితే గింజ మొండికేస్తుంది, మీ తమ్ముడిలాగ. నా దగ్గరికి వచ్చే కుండలో నీళ్ళు, ఆలివ్ నూనె, ఉల్లిపాయ, పొట్టు తీయని వెల్లుల్లి గడ్డ. ఇంకేం ఉండకూడదు. ఉప్పు కూడా వద్దు. కుండ మూతికి కాగితం కట్టి తాడు బిగించు. సాయంత్రం ఇస్తే పొద్దున ఇస్తాను. మిగతా షోకులన్నీ పొద్దున చేసుకో."

"అంతేనా?"

"అంతే. మీ నాన్నకి ఇందులో మంత్రాలేం లేవు. మంట మీద పెట్టొద్దు, మంట పక్కన పెట్టమనేవాడు, రోజూ అదే గోల. నలభై ఏళ్ళ నుంచి పక్కనే పెడుతున్నానయ్యా, నీకు కళ్ళు లేవా అని తిట్టేవాణ్ణి." మళ్ళీ పార అందుకుని అన్నాడు, "మంగళవారం మాత్రం కుండ ఇచ్చి వెళ్ళిపోయేవాడు కాదు. ఇక్కడే, ఆ మెట్టు మీద కూర్చునేవాడు. చాలాసేపు."

"ఏం మాట్లాడేవాడు?"

"ఏం మాట్లాడతాడు? బూడిద చూసేవాడు."

నాకు జాలి వేయాలి. కోపం వచ్చింది. ఆ మెట్టు మీద కూర్చున్న గంటలన్నీ కూడితే జైలుకి ఎన్నిసార్లు వెళ్ళి రావచ్చో. బస్సెక్కితే గంట దారి. మొగాళ్ళ ఒట్లు ఆడాళ్ళు మోయాలని రాసి పెట్టినట్టుంది. మూడేళ్ళు అమ్మ మోసింది, ఇప్పుడు నా వంతు.

మంగళవారం సాయంత్రం కుండ ఇచ్చాను. బుధవారం పొద్దున తెచ్చి మూత విప్పితే గింజలు ఒక్కటీ చిట్లలేదు, వేలితో నొక్కితే వెన్నలా అణిగాయి. టమాటా తురిమి వేశాను. కారం లేని ఎర్ర మిరపపొడి, జీలకర్ర, శొంఠి, కొత్తిమీర, పైన ఒక నిలువు పచ్చిమిరపకాయ, చివర్న ఎండుమాంసం జాడీలోంచి ఒక చెంచా కొవ్వు. ఉప్పు మాత్రం అమ్మ వేసింది. చారెడు తీసుకుని, వేళ్ళ సందుల్లోంచి కొంచెం జారవిడిచి, మిగతాది వేసింది. కలిపి, చెంచాతో నాలుక మీద పెట్టుకుంది.

"ఇదే," అంది. "మా పెళ్ళయిన కొత్తలో సరిగ్గా ఇలాగే ఉండేది. జనం తలుపు దాకా నిలబడి తినేవాళ్ళు." తెల్లచెంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

నేనూ రుచి చూశాను. నిజం చెప్పొద్దూ, అద్భుతంగా ఉంది. ఇంత మంచిది ఇన్నేళ్ళు వదిలేశానే అనిపించింది.

జైలు గేటు దగ్గర వార్డరు కడ్డీతో గిన్నె అడుగు దాకా కెలికి లోపలికి పంపాడు. ములాఖత్ గదిలో అన్వర్ వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. చెంపలు లోపలికి పోయాయి.

"అమ్మ ఏది?"

"మోకాళ్ళు. మెట్లు దిగలేకపోతోంది. కొన్నాళ్ళు నేనే వస్తాను, నా మొహం చూసి సర్దుకో."

"నాన్న?"

ఈ ప్రశ్నకి బస్సులో వస్తున్నంతసేపూ జవాబు వల్లించుకున్నాను. "ఆయనకేం, గుండ్రాయిలా ఉన్నాడు. నిన్న రొట్టెలవాడితో జగడం. ఆ అరుపులకి దర్వాజా దగ్గర పావురాలన్నీ లేచిపోయాయి."

వాడు నవ్వాడు. నాకు నోట్లో నువ్వు గింజ నానదని ఊరంతా అంటారు, అలాంటిది ఎంత నున్నగా అబద్ధం ఆడానో. ఇంటికొచ్చి అమ్మకి అదే చెప్పాను. అమ్మ ఆ రాత్రి పడుకుంది, నాన్న పోయాక మొదటిసారి.

రెండో బుధవారం కూడా అంతే చేశాం. అదే కుండ, అదే బూడిద, అదే అమ్మ చారెడు. అన్వర్ వచ్చి కూర్చుని బల్ల మీద రెండు చేతులూ పెట్టాడు. సలాం కూడా అనలేదు.

"ఎప్పుడు పోయాడక్కా?" అన్నాడు.

"ఎవరు?"

"నాటకాలొద్దు. మెల్లగా మాట్లాడు, వార్డరు చూస్తున్నాడు. ఎప్పుడు?"

"ఎవరు చెప్పార్రా నీకు?"

"ఎవరూ చెప్పలేదు. ఉప్పు సరిపోయింది."

నాకు అర్థం కాలేదు. వాడు బల్ల మీది చేతుల్ని చూసుకుంటూ చెప్పాడు, గొంతు పెంచకుండా.

"ఏడాది పైనే అయిందక్కా. నాన్న పంపే లూబియా నోట పెట్టలేనంత ఉప్పు. మొదట్లో నా మీద కసితో వేస్తున్నాడనుకున్నా. శిక్షలో ఇదొక భాగంలే అని తిన్నాను. తరవాత ఒక వారం జీలకర్ర గుప్పెడు ఉండేది, ఒక వారం అసలు ఉండేది కాదు. అప్పుడర్థమైంది. ఆయనకి నోరు చవి చచ్చిపోయింది. ఏదీ తెలియడం లేదు, చేతి అలవాటు మీద వేసేస్తున్నాడు."

"అమ్మతో ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే ఏం చేస్తారు? డాక్టరంటారు, దుకాణం ముయ్యమంటారు. ఆయన మాట నాకు అందేది ఆ గిన్నె ఒక్కటే కదా. గిన్నెలో మిగిలితే బాగాలేదనుకుంటాడని రొట్టెతో తుడిచి పంపేవాణ్ణి. నీళ్ళు తాగి తాగి పొట్ట ఉబ్బేది."

నాన్న గిన్నె మూత తీసి అడుగు చూసుకోవడం నా కళ్ళ ముందు ఆడింది. ఈమధ్య దుకాణానికి జనం తగ్గారు. ఎదురుగా పిజ్జా కొట్టు వచ్చింది, అందుకనే అనుకున్నాం. నాన్న కూడా అదే అనేవాడు, కుర్రాళ్ళకి జున్ను పిచ్చి పట్టిందని తిట్టేవాడు. రోజూ ఆ కుండ పక్కనుంచి నడిచి వెళ్ళిన నేను ఒక్క చెంచా నోట్లో పెట్టుకుని ఉంటే తెలిసేది. బతికున్న మనిషి నాలుక చచ్చిపోతే ఇంట్లో వాళ్ళకి తెలియలేదు, జైల్లో ఉన్నవాడికి తెలిసింది.

"శుక్రవారం పోయాడు," అన్నాను. "మొన్నటి ముందు శుక్రవారం. దుకాణం తాళం తీస్తూ. బాధపడలేదు."

వాడు తల ఊపాడు. దవడలు కదులుతున్నాయి. నాకు స్టూలు గుర్తొచ్చింది. వాడు కూర్చున్న కుర్చీ వంక చూశాను. నేలకి బిగించి ఉంది.

"భయపడకు. వారం రోజుల నుంచి మింగుతున్నాను, ఇంకో నెల మింగుతాను," అన్నాడు. "అమ్మకి నాకు తెలిసిందని చెప్పకు. నేను ఏదో చేస్తానని హడలి చస్తుంది. ఇంకొకటి. ఉప్పు ఎక్కువ వెయ్యాలి."

"ఏంట్రా?"

"మా గదిలో ముగ్గురు నాతో కలిసి తింటారు. పోయినవారం ఏమన్నారో తెలుసా? మీ బాబుకి ఇన్నాళ్ళకి బుద్ధొచ్చిందిరా, మనుషులు తినేలా చేశాడు అని ఒకటే నవ్వు. నేనూ నవ్వాను. ఇలాగే వారం వారం బాగుంటే ఎవరు చేశారని అడుగుతారు. తెలుస్తుంది. తెలిశాక ఎవడో ఒకడు నా భుజం మీద చెయ్యి వేసి అయ్యో పాపం అంటాడు. ఆ చెయ్యి పడిందంటే నా చెయ్యి నా మాట వినదక్కా. నాకు తెలుసు నా సంగతి. అందుకే ఆయన బతికే ఉండాలి. వాళ్ళందరికీ ఉండాలి."

"ఎంత వెయ్యను?"

"నోట పెట్టలేనంత."

బెల్లు కొట్టారు. వాడు లేచి వెళ్ళిపోయాడు. వెనక్కి తిరిగి చూడలేదు. నేను బస్సులో ఊరు వచ్చేదాకా ఏడ్చాను. పక్క సీటులో ఆవిడ నాకో కమలాపండు ఒలిచి ఇచ్చింది, కారణం అడగలేదు.

తరవాత నాలుగు బుధవారాలూ ఉపవాసాల నెలలో వచ్చాయి. నాలుక చివర పెట్టి ఉమ్మేస్తే ఉపవాసం చెడదని అందరూ అన్నా అమ్మ ఒప్పుకోలేదు. కళ్ళు మూసుకుని తన చారెడు తను వేసేది, "సరిపోయి ఉంటుంది," అనేది. నేను గిన్నెకి గుడ్డ కట్టి, మెట్ల మలుపులో అమ్మకి కనిపించని చోట ఆగి, గుడ్డ విప్పి, కొంగున కట్టుకొచ్చిన ఉప్పు పోసేదాన్ని. నేనూ ఉపవాసమే, రుచి చూడలేను. ఎంత వేస్తే నాన్న వేసినంత అవుతుందో తెలియదు. నాన్న ఏడాది పాటు ఇలాగే చేశాడు కదా అనుకుంటూ చెయ్యి వదిలేసేదాన్ని. మంచి తిండిని చేతులారా పాడు చెయ్యడం ఎంత పాపిష్టి పనో ఆ మలుపులో తెలిసింది.

ములాఖత్‌లో మేం నాన్న గురించే మాట్లాడుకునేవాళ్ళం, బతికున్నట్టే. పక్క బల్లల వాళ్ళు వినాలి కదా. "ఈ వారం ఎవరితో జగడం?" అని వాడడిగేవాడు. నేను కల్పించేదాన్ని. "చూడ్డానికి రాకపోయినా ఫరవాలేదని చెప్పు," అన్నాడు ఒకసారి. "చెప్తాను," అన్నాను. ఆ నెలంతా వాడు ఎవరినీ ఒక్క మాట అనలేదట, వార్డరే నాతో చెప్పాడు. మనిషి మారాడమ్మా అన్నాడు. వాడి కళ్ళ కింద నలుపు చూస్తే నాకు తెలుస్తూనే ఉంది, ఆ మార్పుకి వాడెంత చెల్లిస్తున్నాడో.

పండుగ సోమవారం వచ్చింది. వకీలు ముందురోజు సాయంత్రమే ఫోను చేశాడు. జాబితా వచ్చింది. అన్వర్ పేరు లేదు. ఎందుకు లేదని అడిగితే, కారణాలు చెప్పరమ్మా, అంతమందిలో ఎవరిదో ఒకరిది పోతుంది అన్నాడు.

అమ్మతో చెప్పాను. అరుస్తుందనుకున్నాను. కూలబడుతుందనుకున్నాను. తెల్లచెంగు సర్దుకుని, గోడకి ఆనుకుని, వేళ్ళ మీద లెక్క పెట్టడం మొదలుపెట్టింది.

"పెద్ద పండుగకి డెబ్బై రోజులు," అంది. "దానికీ జాబితా ఉంటుంది కదా. అప్పటిదాకా చెప్పొద్దు."

వాడికి తెలుసమ్మా అన్న మాట నా పెదాల దాకా వచ్చింది. ఆరు వారాల నుంచి తెలుసు. ఏడవడానికి చోటు లేక మింగుతున్నాడు. ఇంకో డెబ్బై రోజులంటే వాడి గుండె పగిలిపోతుంది. ఈ మాటలన్నీ వరసగా నోట్లో నిలబడ్డాయి.

అమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఇన్నాళ్ళకి ఆ మొహంలో కొంచెం వెలుగు కనిపించింది.

"చూశావా నుజా? ఆరు వారాలూ గిన్నె తుడిచిపెట్టి పంపాడు. ఒక్కసారి కూడా అనుమానం రాలేదు వాడికి. మీ నాన్న చెయ్యి నాకు అంతబాగా వచ్చేసిందే." భయంభయంగా అడిగింది, "ఏమన్నాడు? ఎప్పుడైనా ఏమైనా అన్నాడా, ఎలా ఉందని?"

"అచ్చం నాన్న చేసినట్టే ఉందన్నాడమ్మా," అన్నాను.

లేచి వెళ్ళి గింజలు నానబోశాను.